తొంభై ఏడు

"పేరేంది సార్?" అంటే "నో" అన్నాడు.
చెప్పుకునేది ఇష్టం ల్యాదేమో అనుకుంటి.
వారం పోయినాంక మెడలో కార్డు చూసి తెలుసుకుంటి,
ఆయప్ప పేరే నో అని.

కార్ల ఫ్యాక్టరీలో రంగు కొట్టే మిషన్లకు ఆయన పెద్ద.
నేను ఆయన్ని పొద్దున తీసకపోయి రాత్రికి దించే
దూదేకుల హుసేనప్పని.

ఆ బేస్తవారం సందకాడ
వెనక సీట్లోంచి ఫోను చాపినాడు.
ఫోన్లో ఆడగొంతు, వార్తలు చదివినట్ల, తెలుగులో:
"ఈ రోజు నా కుమార్తెకు వంద.
దయచేసి మంచి భోజనశాలను ఎంచుము."

వందేళ్ళా? ఈయనకే ముప్పై అయిదు దాటల్యా!
వేళ్ళు మడిచి, ఫోటో చూపిచ్చి,
అద్దంలో నా మొగం చూసి మళ్ళా చూపిచ్చి,
కడాకు అర్థమాయె. పుట్టి నూరు దినాలు.
ఎత్తుకున్న్యాది ల్యా ఇంగా.

నాకు పట్టుకునింది దిగులు.
పరాయి దేశమొచ్చినోనికి పండగ కూడు యాడ పెట్టీల?
పరాయి దేశం అంటే అనంతపురమే కదప్పా.
ఆ మాట తోచేతలికి
రోజూ తిరిగే సప్తగిరి సర్కిలు
నాకూ ఒక నిమిషం కొత్తగా కనపడె.

బిర్యానీ? మా మాబున్ని తమ్మునికే
ఆడ కారానికి ముక్కు కారుతాది.
సంగటి, నాటుకోడి పులుసు?
ముద్దను నమలగూడదు, మింగల్లని
ఆ ఫోన్లో ఆడమనిషికి యట్ల చెప్పేది?
వాళ్ళ దేశం కూడు పెట్టే హోటలు
పెనుకొండ దావలో ఉండాది గదా అంటే
"అక్కడ ప్రతిదినం" అనింది ఫోను, అంతే.

అద్దాల హోటలుకు పిల్చకపోతి.
మూడో అంతస్తు. గాజుగిన్నె నీళ్ళల్లో పూలు.
పిల్లోడు అడ్డమొచ్చె:
"ఈ తట్టు ఫ్యామిలీలకన్నా. ఒంటి మగోళ్ళు కింద."
"ఫ్యామిలీ ఉండాదప్పా."
"యాడ?"
నో సారు ఫోను ఎత్తె.
తెర నిండా బుగ్గలు, నోట్లో గుప్పిట.
పిల్లోడు నవ్వి మేనేజరు తట్టు చూసినాడు.
మేనేజరు కంప్యూటరు తట్టు చూసినాడు.
లిఫ్టు కోసరం నిలబడకుండా మెట్లు దిగితిమి.

కార్లో శానాసేపు ఏమీ మాట్లాడల్యా.
మళ్ళా ఫోను:
"మా ఇంట తెల్లని బియ్యపు రొట్టె. ఆవిరి.
నూరు మందికి పంచిన, బిడ్డకు ఆయువు."
తెలుపు. బియ్యం. ఆవిరి.
బండి తిప్పితి.

బస్టాండు ఎనక కుళ్ళాయమ్మ తోపుడుబండి.
"అక్కా, నూరు ఇడ్లీ."
"ఏం, పెండ్లా?"
"అట్లాంటిదే."

కోటు సీట్లో పడేసి, ఆకు పట్టుకోని
ధర్మవరం బస్సు కాడ, కళ్యాణదుర్గం బస్సు కాడ
మనిషికొకటి, రెండు చేతుల్తో, నడుము వంచి.
కండక్టరు తినె. సెనిక్కాయలమ్మే పిలగాడు
ఇంగో తట్టు నుంచొచ్చి రెండోది తినె, నేను చూడనట్లుంటి.
"ఏం మొక్కుబడి నాయనా?" అనె ఒక ముసలామె.
"ఆడబిడ్డ" అంటి.
ఆమె కండ్లకద్దుకోని, సగం తుంచి
కొంగున కట్టుకునె.

తొంభై ఏడు కాడ పిండి అయిపాయె.
ఆయప్ప గిన్నెలోకి తొంగి చూసినాడు,
బిడ్డ ఆయువు దాన్లో తక్కువైనట్ల.
కుళ్ళాయమ్మకు నేను ఏమీ చెప్పల్యా.
గరిటెతో అంచు గీకి చూపిచ్చి,
"మూడు నా మీద బాకీ. రేపు పెడతాపో" అని
దుడ్లు తొంభై ఏడుకే తీసుకునె.

ఇంటికాడ దించేటప్పుడు గుర్తొచ్చె,
పండగ కూటికని బయల్దేరినోళ్ళం
ఇద్దరం ఏమీ తినల్యా.
డ్యాష్‌బోర్డులో బిస్కట్ల పొట్లం ఉండాది. విరిగినవి.

మర్సనాడు సందకాడ ఆ దోవలోనే వస్తాంటిమి.
జనం మూగిన బండి, ఆవిరి.
కుళ్ళాయమ్మ తలెత్తి కారు గుర్తుపట్టి
గరిటె ఆపకుండానే
ఎడమచేతి వేళ్ళు మూడు ఎత్తి చూపిచ్చె.
అద్దంలో చూస్తి.
సీటు బెల్టు పట్టి ఆపుతాంటే
ఆయప్ప నడుము వంచుతాండాడు.